అక్కగారు లేని వీధి

“ఈ భూమ్మీద తేలని వరుసంటూ లేదు రమణా. తేల్చేవాడు దొరక్క పడున్న వరుసలున్నాయంతే. వాటికి ఇవాళ్టితో మంచిరోజులొచ్చేయనుకో,” అని కాశీవిశ్వనాథం మోటారుసైకిలు దిగకుండానే ప్రకటించాడు. దిగకుండా ఎందుకంటే, ఆయనకి స్టాండు వెయ్యడం రాదు. ఎవరో ఒకరు వచ్చి బండి పట్టుకునేదాకా దాని మీదే కూర్చుని లోకానికి ఏదో ఒకటి ప్రకటిస్తూ ఉంటాడు.

రమణబాబు వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు. అక్క మొగుడు కాబట్టి పట్టుకోక తప్పదు. పైగా ఈసారి పిలిచింది తనే. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. వాళ్ళ చుట్టాల్లో తెలివైనవాడని పేరు పడింది ఈ బావగారొక్కడికే. ఆ పేరు పెట్టింది కూడా బావగారే.

కాశీవిశ్వనాథం కొత్తపేటలో చెప్పులకొట్టు మీది గదిలో పోటీపరీక్షలకి రీజనింగ్ పాఠాలు చెబుతాడు. బ్యాంకు, రైల్వే, పోలీసు, ఏ ఉద్యోగాన్నీ ఆయన కాదనలేదు. పరీక్షలే ఆయన్ని కాదన్నాయి. వయోపరిమితి దాటిపోయాక, తనకి రాని ఉద్యోగాలు ఇతరులకి ఎలా వస్తాయో బోధించడం మొదలుపెట్టాడు. పుస్తకంలో మొదటి పాఠం ర్యాంకులూ వరుసలూ. రాజు ఎడమ నుంచి ఇన్నోవాడు, కుడి నుంచి అన్నోవాడు, అయితే మొత్తం ఎందరు అన్న మాదిరి లెక్కలు. ఇంతవరకూ ఏ బ్యాచీ రెండో పాఠానికి వెళ్ళలేదు. మొదటిది పూర్తిగా అర్థమయ్యేదాకా కదలకూడదని మాస్టారి సిద్ధాంతం. ఎవరికి అర్థమయ్యేదాకా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈమధ్య ఆ పాఠం చాలక, అపరాధ పరిశోధనలోకి దిగాడు. పక్కింటివాళ్ళ పుంజు మాయమైతే ఆ కేసు తనే పట్టాడు. పరిశోధన మధ్యలో ఎవరో భోజనానికి పిలిస్తే వెళ్ళి, ఆ పుంజునే మారు వడ్డించుకుని మరీ తిని వచ్చాడు. సాక్ష్యం తన చేతిదాకా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక రమణబాబు కష్టం ఏమిటంటే, వంతెన.

మామిడికుదురు దాటాక పంటకాలవ గట్టున వాళ్ళ వీధి. వీధిలోంచి రోడ్డు మీదికి రావాలంటే ఇన్నాళ్ళూ తాటిదుంగ మీంచి నడవాల్సిందే. వీధివాళ్ళంతా ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఇన్నాళ్ళకి ట్రాలీ ఆటో పట్టేటంత వెడల్పున సిమెంటు వంతెన వచ్చింది. పిట్టగోడలు కట్టడమే తరువాయి. ప్రారంభం ఎవరి చేత చేయించాలని మాటొచ్చినప్పుడు, నాయకులెందుకు, వీధిలో అందరికంటే పెద్దావిడ చేత రిబ్బను కత్తిరింపిద్దాం అని ఒక మహానుభావుడు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మహానుభావుడు రమణబాబే.

తన తల్లి అప్పాయమ్మో, ఎదురింటి సరోజినీ టీచరుగారో కత్తిరిస్తారు, ఇద్దరూ ఒకటే కదా అనుకున్నాడు పాపం. ఇద్దరూ నిజంగానే ఒకటి. ఇద్దరి భర్తలూ పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనం టీచరుగారి అరుగు మీద కలిసే చేస్తారు. ఇటునుంచి పప్పు అటు వెళ్తుంది, అటునుంచి పులుసు ఇటు వస్తుంది. టీచరుగారు ఆదివారం చర్చి నుంచి వచ్చేదాకా అప్పాయమ్మ కంచం ముందు కూర్చోదు.

ఒకరినొకరు అక్కగారూ అనే పిలుచుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. కోనసీమలో ఒకావిణ్ణి అక్కగారూ అనడానికి ఆవిడ మనకంటే పెద్దది కానక్కర్లేదు. గౌరవం ఉంటే చాలు. మనం చిన్నవాళ్ళమని నలుగురికీ వినపడితే ఇంకా మంచిది.

తీరా రిబ్బను కట్టాక, సభలో అప్పాయమ్మ, అక్కగారుండగా నేనెక్కడండీ అంది. టీచరుగారు, అబ్బే, అక్కగారు మీరే కదండీ అంది. మొదటి విడత మర్యాదగా గడిచింది. రెండో విడతకి గొంతులు లేచాయి. మూడో విడతకి ఒకరి నెరిసిన జుట్టూ, మరొకరి కట్టుడు పళ్ళూ లెక్కలోకి వచ్చేశాయి. ఇద్దరూ ఇళ్ళకెళ్ళి తలుపులు వేసుకున్నారు.

అప్పటి నుంచీ మాటల్లేవు. వంతెనకి కట్టిన రిబ్బను ఎండకి వెలిసిపోతోంది. దాన్ని దాటే ధైర్యం ఎవరికీ లేదు. రమణబాబు ట్రాలీ రోడ్డు మీదే ఉంచి, కొబ్బరికాయలు భుజాన వేసుకుని తాటిదుంగ మీదే మోస్తున్నాడు. అది పెద్ద బాధ కాదు. అమ్మ వంటింట్లో నిలబడి గిన్నెలోనే ఇంత మజ్జిగన్నం కలుపుకుని మింగడం చూస్తే మాత్రం అతని ప్రాణం విలవిల్లాడేది. మనిషి నలిగిపోయింది. ఎదురరుగు మీద టీచరుగారు కంచం ఒళ్ళో పెట్టుకుని, ముద్ద ఎత్తకుండా వీధికేసి చూస్తూ కూర్చునేది. ఎవరు పెద్దో ఒక్కసారి తేలిపోతే, చిన్నావిడ వెళ్ళి పెద్దావిణ్ణి పలకరిస్తుంది, ఇద్దరూ మళ్ళీ అన్నం తింటారు అని రమణబాబు ఆశ.

ఆధార్ కార్డులు చూడొచ్చు కదా అంటారేమో. చూశాడు. ఆ వీధిలో పెద్దవాళ్ళందరూ జనవరి ఒకటో తారీఖునే పుట్టారు. సంవత్సరం రాసుకున్నవాడి ఇష్టం.

సంగతంతా విని కాశీవిశ్వనాథం కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని రమణబాబు భయపడేలోపు తెరిచాడు.

“ఇది వయసుల తగువు కాదు రమణా. వయసు దోపిడీ. ఎవరో ఒకావిడ పదేళ్ళు దాచేసింది. ఆ పదేళ్ళు ఎక్కడ దాచిందో నేను పట్టుకుంటాను.”

మొదటి విచారణ అప్పాయమ్మది. అనుమానితురాలు స్వయానా అత్తగారు కావడం వల్ల పరిశోధకుడికి ముందు కాఫీ, తర్వాత పూతరేకులు, ఆ తర్వాత మళ్ళీ కాఫీ వచ్చాయి. లంచాలకి లొంగనని అంటూనే అన్నీ పూర్తి చేశాడు. అత్తగారు తలుపు చాటున నిలబడింది.

“అత్తయ్యగారూ, ఈ వీధిలో మీరు పై నుంచి ఎన్నోవారండి? కింద నుంచి ఎన్నోవారండి? రెండూ కలిపి ఒకటి తీసేస్తే కేసు తేలిపోద్ది.”

అప్పాయమ్మకి ఆ లెక్క అర్థం కాలేదు గానీ, అల్లుడుగారు అడిగాక సమాధానం చెప్పకపోతే బాగుండదు. పై నుంచీ కింద నుంచీ తనకి తెలీదనీ, ఎదురింటావిడ మాత్రం తనకంటే పెద్దేననీ చెప్పింది. తను కాపరానికి వచ్చేసరికే ఆవిడ బళ్ళో పాఠం చెబుతోందట.

ఎదురింట్లో టీచరుగారు మాస్టార్ని చూడగానే, చేతులు కట్టుకుని తిన్నగా నిలబడమంది. అలవాటు. ఆయన నిలబడ్డాడు. అదీ అలవాటే. అప్పాయమ్మ పేరు ఎత్తకూడదని పట్టుదలగా ఉంది కాబట్టి, వీధి చివర గేదెలున్న అమ్ములు తనకంటే పెద్దదని చెప్పి ఊరుకుంది. తన పెద్దబ్బాయిని తొలిసారి ఉయ్యాలలో వేసింది అమ్ములేనట. పసివాణ్ణి ఉయ్యాలలో వెయ్యడానికి చిన్నవాళ్ళని పిలవరు కదా అని న్యాయం కూడా చెప్పింది.

అమ్ములు పాలు పితుకుతూ, తలెత్తకుండానే కేసు తేల్చేసింది.

“నేనెక్కడి పెద్దదాన్నండి. అప్పాయమ్మగారే అండి పెద్ద. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తానండి. ఆయ్.”

పరిశోధకుడు పరుగున వచ్చి, రమణబాబు ఇంటి తలుపు మీద సుద్దముక్కతో పేర్లు రాసి బాణాలు వేశాడు. అప్పాయమ్మ కంటే సరోజిని పెద్ద. సరోజిని కంటే అమ్ములు పెద్ద. అమ్ములు కంటే అప్పాయమ్మ పెద్ద. చివరి బాణం తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. ఇరవయ్యేళ్ళుగా చెబుతున్న పాఠంలో ఇలాంటి లెక్క రాలేదు.

రమణబాబు తల గోక్కున్నాడు. “అంటే బావగారూ, మా అమ్మ మా అమ్మకంటే పెద్దదాండీ?”

“సరిగ్గా పట్టేవు. అదే నేరం.”

“నేరమంటే ఏంటండీ?”

“మీ ఇంట్లో అప్పాయమ్మలు ఇద్దరున్నారన్న మాట. ఒకావిడ అసలు. ఒకావిడ నకిలీ.”

రమణబాబు వంటింటికేసి చూశాడు. ఉన్న ఒక్క అమ్మే సగమైపోయింది. రెండో ఆవిడ ఎక్కడైనా ఉంటే బాగుణ్ణు, కాస్త అన్నం తినేది అనుకున్నాడు. పైకి మాత్రం ఆయ్ అన్నాడు. బావగారి మాటకి ఆయ్ అనకపోతే అక్క ఫోన్ చేస్తుంది.

మర్నాడు పొద్దున్నే శాస్త్రీయ పరీక్ష. వయసు పెరిగితే చూపు మందగిస్తుంది, కాబట్టి సూదిలో దారం ఎక్కించలేనావిడే పెద్దావిడ. ఇంతటి సూత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు మాస్టారు జాలిపడ్డాడు. టీచరుగారు కంటి ఆపరేషన్ చేయించుకుంది కాబట్టి క్షణంలో ఎక్కించేసింది. అప్పాయమ్మ ఎక్కించి, ఇంకేమైనా కుట్టాలా అల్లుడుగారూ అని అడిగింది. అమ్ములు గేదెకి గడ్డి వేస్తూ వేస్తూనే ఎక్కించింది. పరీక్షలోనే మోసం ఉందని అనుమానించి పరిశోధకుడు తనే సూది తీసుకున్నాడు. దారం తడిపాడు, మెలిపెట్టాడు, ఎండలోకి వెళ్ళాడు, నీడలోకి వచ్చాడు. చివరికి అమ్ములే జాలిపడి ఎక్కించి ఇచ్చింది.

“ఈ లెక్కన మీరే పెద్దండి బావగారూ,” అన్నాడు రమణబాబు. నవ్వకుండా అనడానికి చాలా కష్టపడ్డాడు.

“నన్ను వరుసలో కలపకు రమణా. పరిశోధకుడెప్పుడూ వరుసకి బయటే ఉంటాడు.”

అలా అన్నాడే గానీ, ఓడిపోయానని ఆయనకి తెలిసిపోయినట్టుంది. కాసేపు అరుగు మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత, ఏ డిటెక్టివ్ అయినా ఆఖరున చేసే పనే చేశాడు. అనుమానితులందరూ ఘటనాస్థలానికి రావాలని హుకుం జారీ చేశాడు.

ఘటనాస్థలం వంతెన. సమయం మధ్యాహ్నం, భోజనాల వేళ. అసలు నేరస్థురాలికి ఆకలేస్తే నిజం కక్కేస్తుందని ఆయన వ్యూహం. అది విన్నాక రమణబాబుకి మొదటిసారి బావగారి మీద కోపం వచ్చింది. ఆ వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు తిండి మానేసి రోజులు గడుస్తుంటే, ఆకలితో నిజం చెప్పిస్తాట్ట.

ఆడవాళ్ళు ముగ్గురూ వచ్చారు గానీ కలిసి నిలబడలేదు. అప్పాయమ్మ తన గేటు దగ్గర ఆగింది. టీచరుగారు తన గేటు దగ్గర ఆగి, కొబ్బరిచెట్టు కాయలెన్ని కాసిందో అన్నట్టు పైకి చూస్తూ నిలబడింది. అమ్ములు గేదెని తోలుకునే వచ్చింది. పరిశోధకుడు రిబ్బను కిందనుంచి వంగి వంతెన మీదికి దూరాడు. విచారణ వేరు, ప్రారంభోత్సవం వేరు అని వివరించాడు కూడా. సిమెంటు మీద సుద్దతో మూడు సున్నాలు చుట్టి, ఉపన్యాసం అందుకున్నాడు.

వరుస లెక్కల్లో పిల్లలు ఎక్కడ బోల్తా పడతారంటే, ఎడమా కుడీ దగ్గరట. ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ మనకి కుడి అవుతుంది. మనం ఎటు చూస్తున్నాం, మన వెనక ఏముంది అన్న స్పృహ ఒక్క క్షణం తప్పినా లెక్క తప్పుతుందట. ఆ మాట అంటూనే, తను గీసిన సున్నాలు మూడూ ఒక్క చూపులో కనపడాలని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా బాగా కనపడాలని మరో అడుగు వేశాడు. పిట్టగోడ ఇంకా కట్టలేదని ముందే చెప్పుకున్నాం.

పడుతూ పడుతూ చేతికందిన రిబ్బను పట్టుకున్నాడు. అదీ ఆయనతోపాటే వెళ్ళింది.

కాలవ నిండా గుర్రపుడెక్క. అది ఆయన్ని కప్పేసుకుంది. కాసేపటికి నెత్తిన ఆకులతో ఒక ఆకారం లేచి, వీధికేసి రావలసింది రోడ్డు గట్టుకేసి తడుముకుంటూ వెళ్తూ, మునిగిపోతున్నానని కేకలు పెట్టింది. నీళ్ళు నడుం లోతు. రమణబాబుకి అది తెలుసు. దూకడానికి చొక్కా కూడా విప్పబోయాడు. విప్పబోయి, ఎదర కనపడింది చూసి ఆగిపోయాడు.

ముగ్గురు ఆడవాళ్ళూ వంతెన మీద పరుగెడుతున్నారు. గోడలు లేవు కాబట్టి పడిపోకుండా ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకున్నారు. మధ్యలో అమ్ములు, చెరో పక్కా మిగతా ఇద్దరూ. ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు. అవతలి గట్టు చేరాక టీచరుగారు ఒక కొబ్బరిమట్ట లాక్కుని నీళ్ళకేసి వంగింది. అప్పాయమ్మ వెళ్ళి ఆవిడ నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది.

“అక్కా, మోకాళ్ళు జాగ్రత్తక్కా.”

“నా మోకాళ్ళకేం గానీ, మీరు గట్టిగా పట్టుకోండక్కా. అల్లుడుగారు బరువున్నారు.”

రమణబాబు చొక్కా మళ్ళీ వేసుకున్నాడు. బావగారు ఇంకాసేపు కాలవలో ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. ఆ రెండు చేతులూ ఆ నడుం మీద ఎంతసేపుంటే అంత మంచిది. అతనికి కళ్ళు చెమర్చాయి. సంతోషంతోనే.

మాస్టార్ని బయటికి లాగి, టీచరుగారి దండెం మీది ఆరిన చీర ఒకటి తెచ్చి చుట్టబెట్టారు. ఇద్దరూ కలిసి ఆయన్ని చివాట్లు పెట్టారు. ఒకావిడ ఆపిన చోట ఇంకొకావిడ అందుకుంది. అమ్ములు గేదె యజమానురాలి వెనకే వంతెన దాటి వచ్చి, తను కూడా కాసేపు ఆయనకేసి చూసింది. వీధిలో జనమంతా చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వంతెన మీదుగానే వచ్చారు, వంతెన మీదుగానే వెళ్ళారు. రిబ్బను లేదన్న సంగతి ఎవరికీ గుర్తే రాలేదు. రమణబాబు ట్రాలీ తీసి, రోడ్డు మీంచి తిన్నగా తన గుమ్మంలోకి తోలుకొచ్చాడు.

“చూసేవా రమణా. కాలవలో పడ్డం పథకంలో భాగం,” అన్నాడు పరిశోధకుడు, పళ్ళు టకటకలాడుతుంటే. “ఇంతకీ ముందెవరు దాటేరు? ముందు దాటినావిడే చిన్నావిడ. కేసు క్లోజ్.”

“ముగ్గురూ ఒక్కసారే దాటేరండి.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. అలాంటి లెక్క పుస్తకంలో లేదన్నాడు. పుస్తకంలో లేనిది జరగడానికి వీల్లేదు కాబట్టి, తప్పు వంతెనదేనని తేల్చేశాడు. ఆ నెల్లోనే చెప్పులకొట్టు మేడ ముందు ఫ్లెక్సీ కూడా కట్టించాడు. ముగ్గురు మహిళల వయసు మిస్టరీని ఛేదించిన రీజనింగ్ మాస్టారు అని.

ఆవేళ జనం వెళ్ళిపోయాక ఆడవాళ్ళిద్దరూ రోడ్డు గట్టున ఎదురెదురుగా మిగిలారు. అల్లుడి మీద కోపంలో ఇన్ని మాటలాడుకున్నామని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఇద్దరూ తలలు దించుకున్నారు. అప్పాయమ్మ తడిసిన కొంగు పిండుకుంది. పిండాల్సిన దానికంటే ఎక్కువసేపు పిండుకుంది.

“అన్నం తిన్నారా?” అని అడిగింది టీచరుగారు.

“లేదండి.”

“రండి మరి.”

అరుగు మీద రెండు కంచాలు పడ్డాయి. వడ్డించడానికి రమణబాబు తనే వెళ్ళాడు. టీచరుగారు మాగాయ తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, ఉండబట్టలేక తల్లి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“అమ్మా, ఇప్పుడెవరూ లేరు. నిజం చెప్పు. మీ ఇద్దర్లో ఎవరు పెద్ద?”

అప్పాయమ్మ లోపలికి ఒకసారి చూసింది. “ఏమోరా. పెద్దవాళ్ళెవరో తేలితే, ముందు పోయేది కూడా వాళ్ళే కదా. నేను ముందు పోతే ఆవిడొక్కత్తే అన్నం ఎలా తింటాది?”

“మరి టీచరుగారే పెద్దని నువ్వే కదే గొడవపడ్డావు.”

“గొడవలో అన్నాను గానీ, అలా అవ్వాలని అన్నానా? ఆవిడ ముందు పోతే నేనెలా తింటాన్రా?”

రమణబాబు లేచి అన్నం గిన్నె అందుకున్నాడు. టీచరుగారు మాగాయ జాడీతో వచ్చి కూర్చుంది. ముందు వారికి వెయ్యి అంటే ముందు వారికి వెయ్యి అని ఇద్దరూ మొదలుపెట్టారు. అతను లోపలికి వెళ్ళి రెండో గరిటె తెచ్చుకుని, రెండు చేతులతోనూ ఇద్దరికీ ఒక్కసారే అన్నం వడ్డించాడు.